ఆఫ్రికా నాటక కళాకారులు అమెరికా రావాలంటే: జే-1, పీ-3 వీసాల దరఖాస్తు విధానం

1975లో న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకిచ్చే ఉత్తమ నటుడి టోనీ అవార్డును ఇద్దరు దక్షిణాఫ్రికా నటులు, జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్‌ట్షోనా కలిసి అందుకున్నారు. సొంత దేశంలో మాత్రం అప్పట్లో నల్లవాళ్ళకు 'నటుడు' అనే వృత్తి కాగితం మీద లేదు. అందుకని వాళ్ళతో కలిసి పనిచేసే నాటకకర్త అథోల్ ఫ్యూగార్డ్ ఇంట్లో పనివాళ్ళమని రాయించుకోవాల్సి వచ్చింది. నేను కొన్నేళ్ళుగా ఒక నాటక సమాజానికి వీసా కాగితాల పని చూస్తున్నాను. కొత్త ఫైలు తెరిచినప్పుడల్లా ఈ సంగతి గుర్తొస్తుంది. కళాకారులు ఏం చేస్తారో కాగితం మీద ఉన్నదున్నట్టు పడాలి. అది పడకపోవడం వల్లే సగం చిక్కులు.

నేర్చుకోవడానికా, చూపించడానికా?

ఆహ్వానం రాగానే చాలామంది బీ-1/బీ-2 విజిటర్ వీసా తీసుకుందామనుకుంటారు. టికెట్ పెట్టి ఆడే నాటకానికి, డబ్బు తీసుకుని చెప్పే పాఠానికి సాధారణంగా అది పనికిరాదు. ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి పంపారంటే ఆ మచ్చ తర్వాతి దరఖాస్తుల మీదా పడుతుంది.

నైరోబీ నుంచి ఒక నటి అమెరికా థియేటర్‌లో దర్శకత్వం నేర్చుకోవడానికి వస్తోందనుకోండి, ఆమెకు శిక్షణ కోసం వచ్చేవాళ్ళకిచ్చే జే-1 వీసా సరిపోతుంది. అక్రా నుంచి ఒక బృందం అనన్సే అనే సాలీడు కథలు ప్రదర్శించి, యూనివర్సిటీలో ఆ పద్ధతి నేర్పడానికి వస్తోందనుకోండి, వాళ్ళకు పీ-3. సంప్రదాయ కళను ప్రదర్శించడానికీ నేర్పడానికీ పెట్టిన వీసా అది. మన కూచిపూడి బృందాలు, కర్ణాటక సంగీత విద్వాంసులు కూడా ఈ వీసా మీద వస్తుంటారు.

జే-1 ఎలా?

దీన్ని ఎంబసీలో మొదలుపెట్టలేం. అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ ఒకటి డీఎస్-2019 అనే అర్హత పత్రం ఇవ్వాలి. స్పాన్సర్ల జాబితా ఆ శాఖ సైట్‌లోనే ఉంటుంది. ట్రైనీగా రావాలంటే డిగ్రీతో పాటు అమెరికా బయట ఏడాది పని అనుభవం కావాలి. డిగ్రీ లేకపోతే అదే రంగంలో ఐదేళ్ళ అనుభవం చూపాలి. ఆఫ్రికాలో ఎంతోమంది మంచి నటులు కాలేజీలో కాదు, సమాజాల్లో నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళకు ఈ ఐదేళ్ళ నిబంధనే ఆధారం. పాత కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, సమాజం ఇచ్చిన ఉత్తరాలు ఏవీ పారేయకూడదు. ట్రైనీ గడువు గరిష్ఠంగా 18 నెలలు.

అసలు కష్టం డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళికలో ఉంది. ఎవరు, ఏం, ఎన్ని వారాలు నేర్పుతారో ఇందులో రాయాలి. మేం ఒక అమ్మాయి కోసం మొదటిసారి 'రిహార్సల్స్‌లో సహాయం, ఆఫీసు పనులు, ఇతరత్రా' అని రాసి పంపాం. వెంటనే తిరిగొచ్చింది. అలా రావడం న్యాయమే. ఆఫీసు గుమాస్తా పని 20 శాతం దాటకూడదనేది నిబంధన. ఆ అమ్మాయి ప్రయాణం ఎక్కడ తప్పిపోతుందోనని మాకు ఒకటే టెన్షన్. ఆ రాత్రి కూర్చుని మళ్ళీ రాశాం. మొదటి నాలుగు వారాలు స్క్రిప్టు విభజన, తర్వాత ఆరు వారాలు దర్శకుడి పక్కన కూర్చుని బ్లాకింగ్ (వేదిక మీద నటుల కదలికల) నోట్స్, ఆ తర్వాత లైటింగ్ క్యూలు, చివర్లో తనే ఒక చిన్న నాటిక చేయించడం. ప్రతి దశకూ నేర్పేవారి పేరు, పరీక్షించే తీరు కూడా చేర్చాం. ఈసారి ఒప్పుకున్నారు.

డీఎస్-2019 చేతికొచ్చాక ఐ-901 ఫారంతో సెవిస్ (విదేశీ విద్యార్థులు, శిక్షణార్థుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు కట్టాలి. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచే కార్యక్రమాలకు ఇది ఉండదు. ఆరోగ్య బీమా తప్పనిసరి. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి.

పీ-3 ఎలా?

ఇక్కడ దరఖాస్తు పెట్టేది కళాకారులు కాదు, అమెరికాలో పిలిచినవాళ్ళు. అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు ఐ-129 ఫారం పంపాలి. లాభాపేక్ష లేని సంస్థలకు, చిన్న సంస్థలకు ఫీజు 510 డాలర్లు, మిగతావాళ్ళకు 1,015. లాభాపేక్ష లేని సంస్థలు తప్ప అందరూ అదనంగా ఆశ్రయ కార్యక్రమ రుసుమూ (అసైలమ్ ప్రోగ్రామ్ ఫీ) కట్టాలి. ఒక్క ఫారంలో 25 మంది వరకు పేర్లు పెట్టొచ్చు. సాంకేతిక సిబ్బంది లాంటి సహాయకులకు పీ-3ఎస్ పేరుతో వేరే ఐ-129 వేయాలి. కాంట్రాక్టు, ఏ రోజు ఏ ఊళ్ళో ప్రదర్శనో తెలిపే పట్టిక, సంబంధిత కళాకారుల యూనియన్ నుంచి అభిప్రాయ లేఖ జతచేయాలి.

వీటన్నిటికంటే ముఖ్యం నిపుణుల ఉత్తరం. 'వీరు గొప్ప కళాకారులు' అని పొగిడితే లాభం లేదు. ఆ కళ ఏ జాతిది, ఎందుకు ప్రత్యేకమో చెప్పాలి. అనన్సే కథలే తీసుకోండి. కథకుడు చెబుతుండగా శ్రోతల్లోంచే ఎవరో ఆపి పాట అందుకుంటారు. దాన్ని మ్బోగువో అంటారు. మన బుర్రకథలో వంతలు తందానా అందుకున్నట్టే, కాకపోతే అక్కడ అందుకునేది జనం. ఘనాలో ఎఫువా సదర్లాండ్ ఈ పద్ధతినే రంగస్థలం మీదికి తెచ్చి ఆధునిక నాటకంగా మలిచారు. ఇలాంటి వివరం నాలుగు వాక్యాల్లో ఉంటే ఎక్కడో ఆఫీసులో ఫైలు చూసే అధికారికి కూడా కళ్ళకు కడుతుంది. వేరే భాషలో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ ఉండాలి. ఆమోదిస్తే ఐ-797 అనే ఆమోద పత్రం వస్తుంది. మొదట గరిష్ఠంగా ఏడాది ఇస్తారు.

ఎంబసీ దగ్గర

రెండు దారులూ డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం దగ్గర కలుస్తాయి. ఫీజు జే-1కి 185 డాలర్లు, పీ-3కి 205. కట్టే రోజున అధికారిక సైట్‌లో మరోసారి చూసుకోండి. వృత్తి అడిగే గడిలో 'ఆర్టిస్ట్/పెర్ఫార్మర్' అనే ఎంపిక ఉంది. బతుకుతెరువుకు టీచరుగానో డ్రైవరుగానో చేస్తుంటే ఆ ఉద్యోగం కూడా రాయండి, కానీ కళను దాచకండి.

2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలో లేదా నివాసం ఉంటున్న దేశంలోనే ఇంటర్వ్యూకు వెళ్ళాలి. 2025 జూన్‌లో సోమాలియా, సూడాన్, చాద్, ఎరిత్రియా, లిబియా తదితర దేశాల పౌరుల ప్రవేశంపై నిషేధం పెట్టారు. ఆ జాబితా తర్వాత పెరిగింది. టికెట్లు కొనేముందు, అసలు ఫీజు కట్టేముందే ఇది చూసుకోవాలి.

జే-1 వాళ్ళు ఇంకొకటి గమనించాలి. ఖర్చు అమెరికా ప్రభుత్వం గానీ స్వదేశ ప్రభుత్వం గానీ పెట్టుకుంటే, శిక్షణ అయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న షరతు వర్తిస్తుంది. అది తీరేదాకా ఉద్యోగాలకిచ్చే హెచ్, ఎల్ వీసాలు, గ్రీన్‌కార్డు కుదరవు. సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోండి.

పచ్చి మేకతోలు బిగించిన డప్పులు తెస్తుంటే కస్టమ్స్ దగ్గర తప్పక డిక్లేర్ చేయాలి. ఏ కాగితాలు అడుగుతారో ముందే కనుక్కోండి, లేకపోతే వాద్యం అక్కడే ఉండిపోవచ్చు.

అటువైపు వెళ్ళాలంటే

అమెరికా పౌరులు ఆఫ్రికాలో నాటకం నేర్చుకోవడానికి అమెరికా ప్రభుత్వ ఉపకార వేతనమైన ఫుల్‌బ్రైట్ స్టూడెంట్ ప్రోగ్రామ్ మంచి దారి. అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కళారంగంలో డిగ్రీకి బదులు నాలుగేళ్ళ వృత్తి శిక్షణ లేదా అనుభవం ఉన్నా చాలు. గడువు సాధారణంగా అక్టోబరు మొదట్లో ముగుస్తుంది. చాలా దేశాలకు అక్కడి సంస్థ ఇచ్చిన అంగీకార లేఖ కావాలి. అది రావడానికి నెలలు పడుతుంది కాబట్టి వేసవి సెలవుల్లోనే ఉత్తరం రాయడం మొదలుపెట్టండి.