సందర్భానికి తగిన మాట – 4: అవసరమా, తొందరా, కంగారా?

ఈసారి పాఠం బెంగళూరులోని మన ఇళ్లలో రోజూ తడబడే మాటల గురించి.

మా పక్కింటి పిల్లాడు ఇక్కడే పుట్టి పెరిగాడు. మొన్న పొద్దున ఒక కాలికి షూ వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, "అమ్మమ్మా, నాకు అవసరం, టిఫిన్ వద్దు" అన్నాడు. కడప నుంచి వచ్చిన ఆవిడ "ఎంత కావాలి నాన్నా?" అంటూ కొంగు ముడి విప్పబోయింది. వాడి బాధ స్కూల్ బస్సు వెళ్లిపోతుందని!

వాడిని తప్పుపట్టలేం. కన్నడంలో 'అవసర' అంటే తొందర. 'అవసరవే అపఘాతక్కె కారణ' అని రోడ్డు పక్కన రాసి ఉంటుంది, చూసే ఉంటారు. ప్రమాదాలకు తొందరే కారణమని దాని అర్థం. పోనీ కన్నడ 'తొందరె' మన తొందరేనా అంటే, అదీ కాదు. అది ఇబ్బంది. ఆటో ఆయన 'తొందరె ఇల్ల' అంటే పర్వాలేదు అన్నట్టు. సంస్కృతంలో 'అవసరం' అంటే తగిన సమయం, అవకాశం. ఆ ఒక్క మాటే తెలుగులో అక్కర అయింది, కన్నడంలో వేగిరపాటు అయింది.

సరే, తెలుగులో తొందర అనగానే పక్కనే మరో మూడు మాటలు నిలబడతాయి. యశవంతపురం స్టేషన్‌కి బయల్దేరారనుకోండి. రైలుకు టైమ్ తక్కువుంది, అది తొందర. టికెట్ ఎక్కడ పెట్టారో గుర్తు రావడం లేదు, అది కంగారు. ఊళ్లో మనవరాలిని ఎప్పుడెప్పుడు ఎత్తుకుందామా అని ఉంది, అది ఆత్రం. సంచులు సర్దుతూ ఇంటిల్లిపాదీ అటూ ఇటూ తిరుగుతుంటే హడావుడి.

నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఒకటుంది. ఎదుటివాళ్లకు చెప్పి చేయించగలమా అని చూడండి. 'తొందరగా రా' అంటాం. 'కంగారుగా రా' అని ఎవరూ పిలవరు. 'తొందరగా తిను' అంటుంది అమ్మ, ఆ వెంటనే 'ఆత్రంగా తినకు' అని కూడా అంటుంది. తొందర మన చేతిలో పని. ఆత్రం, కంగారు వాటంతటవే వచ్చి పడతాయి.

ఒక్క మెలిక. 'తొందరపడి మాట అనేశాడు' అన్నప్పుడు గడియారంతో పనిలేదు, అక్కడ ఆలోచన లేకపోవడమే అర్థం.

ఇవి పూరించి, పైకి చదవండి:
ఫలితాలు చూడాలన్న ____లో అన్నం కూడా తినలేదు.
ఫోన్ ఎత్తకపోయేసరికి అందరికీ ____ మొదలైంది.
____ లేదు, రేపు ఇచ్చినా చాలు.
పెళ్లివారింట్లో తెల్లవారుజాము నుంచే ఒకటే ____.