ఆయన అమెరికాలో, మీరు చెన్నైలో, ఫైల్ ఎక్కడో: స్పౌస్ వీసా లేటయితే ఏం చెయ్యాలి

పెళ్ళయింది, సెలవు అయిపోయి ఆయన వెళ్ళిపోయాడు, పిటిషన్ వేసి నెలలు గడుస్తున్నాయి, స్టేటస్ ఎప్పుడు తెరిచినా 'కేస్ వాజ్ రిసీవ్డ్' అనే ఉంటోంది. ఇలా ఉన్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నా. మా చెల్లి కేసు మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ చెన్నైలో నేనే దగ్గరుండి చూసుకున్నాను, ఆ తర్వాత తెలిసినవాళ్ళ పిల్లలవి కూడా చూశాను. నాకు అర్థమైంది ఏంటంటే లేటు అంతా ఒకే రకం కాదు, కొంత వాళ్ళ క్యూ వల్ల అవుతుంది, దాన్ని మనం కదపలేం, కొంత మన కాగితాల వల్ల అవుతుంది, అది మాత్రం ఇప్పుడు ఖాళీగా ఎదురుచూస్తున్న టైంలోనే సరిచేసుకోవచ్చు. చాలామంది ఇది ఉల్టా చేస్తారు, కదలని దాని కోసం రోజూ స్టేటస్ చూసి ఏడుస్తారు, చేతిలో ఉన్న బర్త్ సర్టిఫికెట్ మాత్రం తీసి చూడరు.

ముందు ఫైల్ ఎవరి దగ్గరుందో తెలుసుకోండి

భార్య కోసం భర్త వేసే ఐ-130 పిటిషన్ మొదట యూఎస్‌సీఐఎస్, అంటే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ దగ్గర ఉంటుంది. అది అప్రూవ్ అయ్యాక నేషనల్ వీసా సెంటర్‌కి, అంటే ఎన్‌వీసీకి వెళ్తుంది, అక్కడ వీసా ఫీజు 325 డాలర్లు, సపోర్ట్ అఫిడవిట్ ఫీజు 120 డాలర్లు కట్టి, డీఎస్-260 అనే వీసా దరఖాస్తు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేస్తే వాళ్ళు చూసి అన్నీ సరిపోయాయి అంటారు, దాన్నే అందరూ డీక్యూ అయ్యింది అంటుంటారు, ఆ తర్వాతే ఇంటర్వ్యూ డేట్. మీ దగ్గరున్న నంబర్ ఐఓఈ అని మొదలైతే అది యూఎస్‌సీఐఎస్ రసీదు నంబర్, బీఎంబీ అని మొదలైతే ఎన్‌వీసీ ఇచ్చిన కేస్ నంబర్, ఆ బీఎంబీ అంటే ముంబై.

ఇది ఎందుకు చెప్తున్నానంటే మనవాళ్ళు చాలామంది జెమినీ ఫ్లైఓవర్ దగ్గరున్న కాన్సులేట్‌కి వెళ్ళి అడిగితే తెలుస్తుంది అనుకుంటారు. అక్కడ టూరిస్ట్, స్టూడెంట్, హెచ్1బీ, హెచ్4 లాంటివి జరుగుతాయి, మన ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ముంబైలో. ఎండలో అణ్ణా సాలై దాకా వెళ్ళి సెక్యూరిటీ వాళ్ళతో మాట్లాడి వెనక్కి రావడం తప్ప లాభం లేదు. యూఎస్‌సీఐఎస్ దగ్గరున్న ఫైల్ గురించి ఎన్‌వీసీని అడిగినా అంతే.

ఇంకో సంగతి, మీ ఆయన సిటిజనా, గ్రీన్ కార్డా అన్నదాన్ని బట్టి మొత్తం లెక్క మారిపోతుంది. సిటిజన్ భార్యకి ఏటా ఇన్నే వీసాలు అన్న పరిమితి లేదు, ఫైల్ నడిచినంత సేపే. గ్రీన్ కార్డు అయితే ఎఫ్2ఏ (గ్రీన్ కార్డు వాళ్ళ భార్యాపిల్లల) కేటగిరీ, పిటిషన్ అప్రూవ్ అయినా ప్రయారిటీ డేట్ (పిటిషన్ వేసిన తేదీ) వంతు వచ్చేదాకా ఆగాలి, అది స్టేట్ డిపార్ట్‌మెంట్ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో చూసుకోవాలి, అందులో ఫైనల్ యాక్షన్ డేట్స్, డేట్స్ ఫర్ ఫైలింగ్ అని రెండు టేబుల్స్ ఉంటాయి, వీసా చేతికి రావాలంటే చూడాల్సింది మొదటిది. నెలకి ఒక్కసారి చూస్తే చాలు, రోజూ చూస్తే మారదు.

ఈ మధ్యలో ఆయనకి సిటిజన్‌షిప్ వస్తే ఆ సర్టిఫికెట్ కాపీ వెంటనే పంపించాలి, కేసు ఇమ్మీడియట్ రెలెటివ్ (సిటిజన్ దగ్గరి బంధువుల) కేటగిరీకి మారుతుంది, డేట్ కోసం ఆగాల్సిన పని పోతుంది. కానీ పిల్లలున్న వాళ్ళు ఇక్కడ జాగ్రత్త. ఎఫ్2ఏలో పిల్లలు అమ్మ కేసుతోపాటే వచ్చేస్తారు, సిటిజన్ అయ్యాక అలా రారు, ఒక్కొక్కరికీ విడిగా ఐ-130 వెయ్యాలి. ఇది తెలియక ఇంటర్వ్యూ దగ్గరికి వచ్చాక తల్లికి వీసా, బిడ్డకి లేదు అన్న పరిస్థితి వస్తే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

పేర్లు, పేర్లు, పేర్లు

నన్నడిగితే మన తెలుగువాళ్ళ కేసుల్లో ఎక్కువ తలనొప్పి ఇక్కడే. ఊరు నెల్లూరో చిత్తూరో, చదువు చెన్నైలో. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, ఇక్కడి స్కూల్లో నాన్న పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా వేస్తారు, పాస్‌పోర్టులో ఏజెంటు తనకి తోచినట్టు నింపుతాడు, పెళ్ళయ్యాక ఆధార్‌లో ఇంకోలా మారుతుంది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు.

ఒక ఆదివారం అన్నీ డైనింగ్ టేబుల్ మీద పరవండి. ఒకళ్ళు పాస్‌పోర్టు పట్టుకుని స్పెల్లింగ్ అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకళ్ళు మిగతా కాగితాల మీద వేలు పెట్టి పోల్చుకుంటూ పోవాలి. మా ఇంట్లో నాన్న చదివారు, నేను వేలు పెట్టి చూశాను, పెళ్ళి సర్టిఫికెట్‌లో చెల్లి పేరు 'స్వాతి'లో టీ తర్వాత ఉండాల్సిన హెచ్ లేదు, బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు లక్ష్మమ్మ, మిగతా అన్నిట్లో లక్ష్మీదేవి. మామూలుగా చూస్తే కళ్ళకి కనపడవు ఇవి, ఎందుకంటే మన పేరే కాబట్టి మనం చదవం, గుర్తుపట్టేస్తాం.

దిద్దగలిగింది ఇచ్చిన ఆఫీసులోనే దిద్దించండి. దిద్దలేనిదానికి ఇద్దరూ ఒకటే మనిషి అని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి, డీఎస్-260లో వేరే పేర్లు వాడారా అన్న చోట ఉన్న రకాలన్నీ రాయండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పేరు పడుతుంది, తర్వాత అక్కడ సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్స్ అన్నిట్లో అదే తగులుకుంటుంది, అందుకే పిటిషన్ అప్రూవ్ కాకముందే పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకుని పేరు రెండు గడుల్లోకి విడదీయించుకోండి. భర్త ఇంటిపేరు తగిలించుకోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం దయచేసి ఇప్పుడు వద్దు, అక్కడికి వెళ్ళాక చేసుకోవచ్చు.

మిగతా కాగితాలు

పెళ్ళికి గుడి రసీదు, కల్యాణ మండపం బిల్లు, శుభలేఖ ఇవేవీ చాలవు, రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. తమిళనాడులో పెళ్ళి జరిగితే 2009 చట్టం ప్రకారం 90 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. తమిళంలోనో తెలుగులోనో ఉన్న ఏ కాగితమైనా ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలి, చేసినవాళ్ళు నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరిగ్గా ఉంది అని రాసి సంతకం పెట్టాలి. పుట్టుక అసలు రిజిస్టరే కాకపోతే పుట్టిన ఊరి నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, అమ్మానాన్నల అఫిడవిట్లు, స్కూల్ రికార్డు. దీనికి టైం పడుతుంది, ఊరికి వెళ్ళాలి, పాత క్లర్కు మారిపోయి ఉంటాడు, అందుకే ఇదే మొదట పెట్టుకోండి.

పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ సేవా సైట్లో 500 రూపాయలు కట్టి సాలిగ్రామం, అమింజికరై, తాంబరం సేవా కేంద్రాల్లో ఎక్కడైనా తీసుకోవచ్చు. ముందు ఆధార్‌లో ఇప్పుడుంటున్న అడ్రస్ పెట్టుకోండి, లేకపోతే పోలీసు పాత ఇంటికి వెళ్ళి తాళం చూసి వచ్చేస్తాడు. మరీ ముందుగా తీసుకుంటే గడువు దాటిపోతుంది, ఎన్‌వీసీ దశకి రాగానే తీసుకుంటే సరి. పెళ్ళికి ముందు దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఏడాది, అంతకుమించి ఉన్నవాళ్ళకి ఆ దేశం పోలీసు సర్టిఫికెట్ కూడా కావాలి, దానికి ఇప్పటినుంచే తిరగండి.

ఆయన వైపు నుంచి కావాల్సింది ఐ-864, అంటే సపోర్ట్ అఫిడవిట్, ఆదాయం వాళ్ళ పావర్టీ గైడ్‌లైన్స్‌లో (పేదరికం గీతలో) కనీసం 125 శాతం ఉండాలి, లేకపోతే జాయింట్ స్పాన్సర్ కావాలి. ఐఆర్ఎస్ (అక్కడి పన్ను శాఖ) ఇచ్చే ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్ ఉచితంగా వస్తుంది, అది పెట్టడం మేలు. ఎన్‌వీసీలో ఒక్క కాగితం వెనక్కి వచ్చినా మళ్ళీ పెట్టాక మళ్ళీ రివ్యూ క్యూలో ఆగాలి, అందుకే ఇద్దరూ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసుకుని ఒక్కో పేజీ చూసుకున్నాకే సబ్మిట్ నొక్కండి. డేట్ రావడానికి ఇంకా చాలా టైం ఉంది కదా అని ఎన్‌వీసీ అకౌంట్‌ని వదిలెయ్యొద్దు, ఏడాది పాటు ఉలుకూ పలుకూ లేకపోతే కేసు మూసేసే అధికారం వాళ్ళకుంది.

మెడికల్ ఇంటర్వ్యూ లెటర్ వచ్చాకే, వాళ్ళు చెప్పిన డాక్టర్ల దగ్గరే. కానీ చిన్నప్పటి టీకాల కార్డు ఇప్పుడే వెతకండి. ఎప్పుడైనా టీబీ వచ్చి తగ్గిన వాళ్ళు ఆ ట్రీట్‌మెంట్ కాగితాలు, పాత ఎక్స్‌రేలు జాగ్రత్త చెయ్యండి, ఎక్స్‌రేలో మచ్చ కనపడితే కళ్ళె పరీక్ష కల్చర్‌కి పంపుతారు, దానికే రెండు నెలలు పోతాయి.

ఎప్పుడు గట్టిగా అడగాలి

యూఎస్‌సీఐఎస్ సైట్లో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీలో రసీదు తేదీ కొడితే ఎప్పటి నుంచి మనం అడగొచ్చో చూపిస్తుంది. ఆ రోజు దాటాక ఆయన ఎంక్వైరీ పెట్టాలి. ముందే పెడితే మామూలు టైంలోనే ఉంది అన్న జవాబే వస్తుంది. అప్పటికీ కదలకపోతే తన ఏరియా కాంగ్రెస్ మెంబర్ ఆఫీసుకి రాయమనండి, వాళ్ళ వెబ్‌సైట్లోనే ఫెడరల్ ఏజెన్సీతో సాయం అన్న పేజీ ఉంటుంది, ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం పెడితే వాళ్ళే కనుక్కుంటారు, పైసా ఖర్చు లేదు, ఓటు లేని గ్రీన్ కార్డు వాళ్ళైనా అడగొచ్చు. మన మగవాళ్ళకి దీనికి ఎందుకో మొహమాటం. పడొద్దు, వాళ్ళ పనే అది. ఎక్స్‌పెడైట్ (ఫైల్ తొందరగా చూడమని అడగడం) అనేది ప్రాణం మీదకొచ్చిన జబ్బు, మానవతా కారణాలు, భారీ ఆర్థిక నష్టం లాంటివాటికి, అదీ డాక్టర్ లెటర్ లాంటి రుజువుతో. లోపల మా మనిషి ఉన్నాడు, రెండు లక్షలిస్తే కదిలిస్తా అనేవాళ్ళు మన చుట్టూ ఉంటారు, వాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి, ఆ ఫైల్ వాళ్ళెవరి చేతికీ అందదు.

ఈలోపు టూరిస్ట్ వీసా మీద వెళ్ళొద్దామా అని అందరూ అడుగుతారు. అడగొచ్చు, కానీ పిటిషన్ పెండింగ్‌లో ఉందంటే తిరిగొస్తారని ఆఫీసర్ నమ్మడం కష్టం, ఎక్కువగా 214(బీ) అనే సెక్షన్ కింద వీసా ఇవ్వరు. మీ పేరు మీద ఇమిగ్రెంట్ పిటిషన్ ఉందా అన్న ప్రశ్నకి లేదు అని మాత్రం ఎవరు చెప్పినా రాయొద్దు, అబద్ధం అని తేలితే జీవితాంతం బ్యాన్ పడే అవకాశం ఉంది. దానికంటే ఆయన రావడమే నయం. గ్రీన్ కార్డు ఉన్న ఆయన ఒకేసారి ఆరు నెలలు దాటి ఇక్కడ ఉండిపోతే సిటిజన్‌షిప్ లెక్క దెబ్బతినొచ్చు, కాబట్టి చిన్న చిన్న ట్రిప్పులు మేలు. వచ్చినప్పుడల్లా బోర్డింగ్ పాసులు, కలిసి వెళ్ళిన చోట్ల ఫొటోలు ఒక ఫోల్డర్లో వేసుకుంటూ పోండి, ఇంటర్వ్యూకి అవే పనికొస్తాయి.

ఇంట్లో, ఆఫీసులో

ఓఎంఆర్ ఐటీ కంపెనీల్లో మంచి ఉద్యోగం వదిలేసి ఇంక వెళ్ళిపోతాం కదా అని ఇంట్లో కూర్చున్న అమ్మాయిలని చూశాను, రోజంతా ఫోన్ చేతిలో, ఇటు అత్తగారి మాట, అటు ఆయన మీద కోపం. వద్దమ్మా. ఉద్యోగం చెయ్యండి, ప్రమోషన్ వస్తే తీసుకోండి, ఇల్లు మారాలంటే మారండి. పిల్లల విషయం కూడా వీసా కోసం వాయిదా వెయ్యక్కర్లేదు. గ్రీన్ కార్డు కేసులో బిడ్డని మీ కేసులో చేర్చొచ్చు, ఆయన సిటిజన్ అయ్యుండి బిడ్డ పుట్టకముందే అక్కడ మొత్తం ఐదేళ్ళు, అందులో 14 ఏళ్ళు దాటాక రెండేళ్ళు ఉంటే బిడ్డకి పుట్టుకతోనే అమెరికా పౌరసత్వం వస్తుంది.

ఫోన్ విషయంలో మా చెల్లి వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు, వీసా మాటలు శనివారం పొద్దున మాత్రమే, మిగతా రోజుల్లో ఏం తిన్నావు, ఏం చూశావు, ఎవరితో గొడవపడ్డావు ఇలాంటివి. గొడవలు సగం తగ్గాయి. చుట్టాలు 'ఇంకా రాలేదా' అంటే చెప్పడానికి ఒకే జవాబు పెట్టుకోండి, 'క్యూలో ఉంది పిన్నీ, రాగానే మీకే ముందు చెప్తాం', అంతే, డీక్యూ అంటే ఏంటో పెళ్ళి భోజనాల దగ్గర వివరించే పని పెట్టుకోవద్దు. మరీ నిద్ర పట్టకుండా, తిండి సయించకుండా ఉంటే అమ్మకి చెప్పండి, డాక్టర్ని కలవండి, ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు.

ఇంటర్వ్యూలో 221(జీ) కాగితం చేతికిస్తే అది చివరి తిరస్కారం అని అక్కడే కుప్పకూలిపోకండి, ఏదో కాగితం కావాలనో, ఇంకా పరిశీలించాలనో ఆపడం అది, ఏం అడిగారో చదివి వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే పంపండి. అప్రూవ్ అన్నా సరే పాస్‌పోర్ట్ వీసాతో చేతికి వచ్చేదాకా రిజైన్ చెయ్యొద్దు, టికెట్ కొనొద్దు. వీసా గడువు మామూలుగా మెడికల్ తేదీతో ముడిపడి ఆరు నెలల లోపే ఉంటుంది, నోటీస్ పీరియడ్ దాంట్లో సరిపోతుంది. గ్రీన్ కార్డు కోసం 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్లో బయల్దేరే ముందే కట్టెయ్యండి. వీసా మీద సీఆర్1 (పెళ్ళయి రెండేళ్ళు నిండని సిటిజన్ భార్యకిచ్చే రకం) అని ఉండి, దిగే రోజుకి పెళ్ళయి రెండేళ్ళు దాటిపోతే ఎయిర్‌పోర్టులో ఆఫీసర్‌కి ఆ మాట చెప్పి ఐఆర్1గా (రెండేళ్ళు దాటిన వాళ్ళకిచ్చే రకంగా) మార్పించుకోండి, లేకపోతే పదేళ్ళ కార్డు బదులు రెండేళ్ళ కార్డు వచ్చి, దాన్ని సరిచేయించుకోవడానికి మళ్ళీ ఇంకో ఫారం, ఇంకో క్యూ.