కోర్టులో బెంచ్ క్లర్క్‌గా చేరారా? ముందు తేదీలు చూసుకోండి

విశాఖ కోర్టుల్లో బెంచ్ క్లర్కుగా, అంటే జడ్జి గారి ముందు కేసుల కట్టలు, తేదీలు చూసే పనిలో, కొత్తగా చేరినవాళ్లు నన్ను ముందు అడిగేది సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఎంత చదవాలనే. చదవండి, మంచిదే. కానీ మొదటి నెలలో మిమ్మల్ని తిట్లు తినిపించేది చట్టం కాదు, తేదీ.

మర్నాటి కేసుల కట్టలు ముందురోజు సాయంత్రమే తీసి కాజ్ లిస్టు (ఆ రోజు విచారణకొచ్చే కేసుల జాబితా) వరసలో పేర్చుకోండి. ఏ కట్టయినా దొరకలేదంటే అది అప్పుడే తెలియాలి గానీ, బంట్రోతు గుమ్మం దగ్గర మూడుసార్లు పిలిచాక కాదు. పొద్దున్న పదికల్లా సీట్లో ఉండండి, మద్దిలపాలెంలో ట్రాఫిక్ అంటే ఎవరూ వినరు.

వాయిదా వేసేముందు క్యాలెండర్ చూడండి: రెండో శనివారం, పండగలు, వేసవి సెలవులు. డాకెట్లో (కట్టలో జడ్జి గారి రోజువారీ ఉత్తర్వులు రాసే కాగితం) ఉన్న తేదీ, డైరీలో రాసింది, సీఐఎస్‌లో (కోర్టు కంప్యూటర్లో కేసుల వివరాలు ఉండే వ్యవస్థ) ఎక్కించింది, మూడూ ఒకటే కావాలి. ఇప్పుడు పార్టీలు సీఎన్‌ఆర్ నంబర్ (ప్రతి కేసుకీ ఉండే ప్రత్యేక నంబరు) కొట్టి ఈ-కోర్ట్స్ యాప్‌లోనే వాయిదా చూసుకుంటున్నారు కదా. చేరిన కొత్తలో నేను 19 బదులు 16 కొట్టేశాను, పెందుర్తి నుంచి ఒక ముసలాయన పనికి సెలవు పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చి "ఏటి బాబూ, ఈరోజు నా కేసు లేదంటున్నారేటి?" అని నా ముందే నిలబడ్డాడు, తప్పు నాదేనని చెప్పడానికి నోరు రాలేదు. అప్పట్నుంచి వాయిదా తేదీ పైకి చదివి, ప్లీడర్ గారో వాళ్ల గుమాస్తానో తలూపాకే ఎక్కిస్తాను.

సాక్ష్యం రోజు టెన్షన్ పడకండి. సివిల్‌లో వాది కాగితాలకి 'ఎ' సిరీస్ గుర్తు, ప్రతివాదివాటికి 'బి'. క్రిమినల్‌లో ప్రాసిక్యూషన్‌వి పి, డిఫెన్స్‌వి డి. మార్క్ చేసిన వెంటనే ముద్ర వేసి నంబర్ రాసేయండి, లంచ్ తర్వాత చూద్దాం అనుకుంటే రెండు కాగితాలు తారుమారవుతాయి.

తీర్పులు, డిక్రీల నకళ్లు ఇచ్చే కాపీ సెక్షన్‌లో మిమ్మల్ని వేస్తే అసలు పరీక్ష అక్కడే. సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) మీద దరఖాస్తు పడిన రోజు, స్టాంపులు అడిగిన రోజు, అవి ఇచ్చిన రోజు, కాపీ సిద్ధమైన రోజు అని వరసగా రాస్తాం, చూడ్డానికి ఊరికే ముద్రల్లా ఉంటాయి. సివిల్ డిక్రీ (కేసు తేల్చిన ఉత్తర్వు) మీద జిల్లా కోర్టులో అప్పీలుకి గడువు 30 రోజులు, హైకోర్టులో అయితే 90. కాపీకి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం (గడువుల చట్టం) 12వ సెక్షన్ కింద ఆ లెక్కలోంచి తీసేస్తారు, అంటే మీరు వేసిన ఆ తేదీల మీదే ఒకరి అప్పీలు నిలబడుతుంది, లేదా పోతుంది.

ఇక "మా కాపీ కాస్త ముందు ఇప్పించండి, టీ ఖర్చులు ఇస్తాం" అని ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు. గొడవ పెట్టుకోవద్దు. రిజిస్టరు ఆయన వైపు తిప్పి, "మీకంటే ముందు ఇంకా పదకొండు ఉన్నాయండీ" అని చూపించండి.