షెవెల్‌కి కాయిల్‌ఓవర్లు వేశాక ఎత్తు కుదరట్లేదా? నట్టు తిప్పే ముందు ఇవి చూడండి

1968 నుంచి 1972 వరకు వచ్చిన షెవెల్ (అమెరికా షెవర్లే కంపెనీ కారు) గురించే రాస్తున్నా. కాయిల్‌ఓవర్ అంటే షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండే భాగం, దాని మీది నట్టు తిప్పితే కారు ఎత్తు మారుతుంది. ఈ బండికి కంపెనీ నుంచే నాలుగు చక్రాలకీ కాయిల్ స్ప్రింగులు వచ్చాయి కాబట్టి ముందూ వెనకా రెండు చోట్లా కాయిల్‌ఓవర్లు వేసుకోవచ్చు. అదే కాలపు షెవర్లే కమారోకి వెనక కమాన్ పట్టీలు ఉంటాయి, దాని సంగతి వేరు. ఎత్తు తేడా వస్తే అందరూ చేసే మొదటి పని పానా తీసుకుని నట్టు తిప్పడం. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు, నట్టు మీదికి పోయేది చివర్లోనే.

కొలతే తేడాగా వస్తోంది

నాలుగు టైర్లలో గాలి సమానంగా ఉండాలి, నేల సమతలంగా ఉండాలి, ట్యాంకులో పెట్రోలు మీరు మామూలుగా ఉంచుకునేంత ఉండాలి, వీలైతే డ్రైవర్ సీట్లో మీ అంత బరువున్న మనిషి కూర్చోవాలి. జాకీ దించిన వెంటనే కొలవకండి. ముందు చక్రాలు వేలాడేటప్పుడు కాస్త లోపలికి జరిగి ఉంటాయి, నేల తగలగానే టైరు పక్కకు జారలేక అలాగే పట్టుకుని కారుని పైకి ఎత్తి పెడుతుంది. నాలుగైదు గజాలు ముందుకీ వెనక్కీ తోసి, బంపర్ మీద రెండుసార్లు గట్టిగా నొక్కి వదిలి, అప్పుడు టేపు పట్టండి.

ఇంకో మాట, ఫెండర్ అంచుని నమ్మకండి. 50 ఏళ్లు దాటిన బండి, ఎన్నిసార్లు గుద్దుకుందో ఎన్నిసార్లు రేకు మార్చారో ఎవరికి తెలుసు, ఎడమకీ కుడికీ పావు అంగుళం తేడా రేకులోనే ఉండొచ్చు. చక్రాన్ని ఫ్రేముకి కలిపే కింది చేతిని, అంటే కింది కంట్రోల్ ఆర్మ్‌ని ఫ్రేముకి పట్టే బోల్టు మధ్య నుంచి నేల దాకా రెండు పక్కలా కొలవండి. అక్కడ సమానంగా ఉండి ఫెండర్ దగ్గర తేడా ఉంటే మీ సమస్య సస్పెన్షన్‌ది కాదు, బాడీ పనిది.

ముందు భాగం ఎంత దించినా దిగట్లేదు

ఆర్మ్‌లకి రబ్బరు బుష్‌లే (పివట్ బోల్టు చుట్టూ ఉండే మెత్తటి గొట్టాలు) ఉన్నాయా? అయితే ముందు అనుమానించాల్సింది వాటినే. చక్రాలు గాల్లో వేలాడుతుండగా పివట్ బోల్టులు (ఆర్మ్ వీటి మీదే తిరుగుతుంది) పూర్తిగా బిగించేస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది, కారు దించాక మెలితిరిగి ఆర్మ్‌ని కిందికి నెడుతూ కారుని ఎత్తులో ఉంచుతుంది. ఇలాగే నడిపితే బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది. కారు బరువు చక్రాల మీద ఉండగా ఆ బోల్టులు వదులు చేసి, కారుని ఊపి, మళ్లీ సరైన టార్క్‌కి బిగించండి. చాలామందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది. పాలీయురెథేన్ బుష్‌లలో లోపలి గొట్టం తిరుగుతుంది కాబట్టి ఈ గొడవ లేదు.

బుష్‌లు బాగానే ఉండి, నట్టు పూర్తిగా కిందికి దించేసినా కారు ఎత్తుగానే ఉందంటే స్ప్రింగు మీ బండికి మరీ గట్టిది, లేదా మరీ పొడవు. 454 బిగ్ బ్లాక్ (బరువైన పెద్ద ఇంజను) కోసం ఎంచిన స్ప్రింగుని 350 స్మాల్ బ్లాక్ (తేలికైన చిన్న ఇంజను) మీద పెడితే జరిగేది ఇదే, పైగా అల్యూమినియం హెడ్లు వేసి ఏసీ పీకేసి ఉంటే ముక్కు ఇంకా తేలిక. లెక్క చూడండి: స్ప్రింగు మీద పడే భారం 1,800 పౌండ్లు అనుకుందాం. రేటు (అంగుళం నొక్కడానికి పట్టే బరువు) 450 పౌండ్లున్న స్ప్రింగు 4 అంగుళాలు నొక్కుకుంటుంది, 550 ది 3.27 అంగుళాలే. ముప్పావు అంగుళం తేడా స్ప్రింగు దగ్గరే ఉంది, చక్రం దగ్గరికి వచ్చేసరికి అది అంగుళం దాటుతుంది. చాలా స్ప్రింగుల మీద పొడవు, రేటు అంకెలు వేసి ఉంటాయి, చూసుకోండి. దీనికి తలకిందులుగా, నట్టు మరలన్నీ అయిపోయేదాకా పైకి ఎక్కించినా కారు కిందే ఉంటే స్ప్రింగు మెత్తన లేదా పొట్టి. రెండు సందర్భాల్లోనూ మందు స్ప్రింగు మార్చడమే.

నట్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని కొందరు చెప్తుంటారు. అంతటా ఒకే రేటు ఉన్న స్ప్రింగు గట్టిపడదు, కారు లేస్తుంది, అంతే.

నట్టు కదలట్లేదు

జాకీ వేశారా? కారు బరువు స్ప్రింగు మీద ఉండగా తిప్పడానికి ప్రయత్నిస్తే అల్యూమినియం మరలు చెడిపోతాయి. ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడనివ్వండి. మన ఊళ్లో షెడ్డుల్లో ఇటుకలో సిమెంటు దిమ్మెలో పెట్టి నిలబెట్టేస్తారు చూడండి, ఆ పని మాత్రం వద్దు, దిమ్మె చెప్పకుండా పగులుతుంది. వెనక లేపితే ఇరుసుకి వెళ్లే బ్రేక్ హోస్ లాగినట్టు ఉందేమో ఓ కన్నేయండి.

తర్వాత నట్టు పక్కన ఉండే చిన్న లాక్ స్క్రూ వదులు చేయండి, సగం మంది దాన్ని మర్చిపోయి కుస్తీ పడుతుంటారు. మరల్లో మట్టి ఉంటే నైలాన్ బ్రష్‌తో తోమి, చొచ్చుకుపోయే నూనె కొట్టి కాసేపు వదిలేయండి. పానాకి పైపు తగిలించి బలం పెట్టొద్దు. కదిలాక మరలకి యాంటీ సీజ్ (మరలు బిగుసుకుపోకుండా ఉంచే పేస్టు) రాయండి, స్ప్రింగుకీ నట్టుకీ మధ్య తిరగడం సులువు చేసే త్రస్ట్ బేరింగులు లేకపోతే వేయించుకోండి. తర్వాత తిప్పడానికి పెద్దగా బలం అక్కర్లేదు.

ఎంత తిప్పాలి అంటే, ముందు కాయిల్‌ఓవర్ ఆర్మ్ మధ్యలో ఉంటుంది, చక్రం చివర ఉంటుంది, కాబట్టి నట్టు అర అంగుళం కదిలితే ఫెండర్ దగ్గర అంగుళం దాకా మారొచ్చు. వెనక నేరుగా ఇరుసు మీద ఉంటుంది, దాదాపు ఎంతకి అంతే.

ఒక పక్కకి ఒరిగింది

మొదట స్వే బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా రెండు పక్కల చక్రాలని కలిపే కడ్డీ) లింకు ఒక పక్క ఊడదీసి మళ్లీ కొలవండి. లింకుల పొడవులు సమానంగా లేకపోతే బారే ఒక మూలని లాగి పట్టుకుంటుంది. అది కాదంటే ఎదురు మూల చూడండి. ఎడమ ముందు కిందికి ఉందని అక్కడే ఎత్తితే బరువు కుడి వెనక మీదికి కూడా వెళ్తుంది, అసలు కారణం కుడి వెనక నట్టు ఎక్కువ పైన ఉండటం కావచ్చు. కొంచెం కొంచెంగా తిప్పుతూ ప్రతిసారీ నాలుగు మూలలూ కొలవాలి. విసుగే, దగ్గరి దారి మాత్రం లేదు.

ఎత్తు బాగుంది, గుంతల్లో మాత్రం ధడేల్‌మంటోంది

అందం కోసం మరీ దించేశారన్నమాట. షాక్ కడ్డీకి మొత్తం 5 అంగుళాల కదలిక ఉంటే, కారు నిలబడ్డప్పుడు సుమారు 3 అంగుళాలు లోపలికి వెళ్లడానికి, 2 బయటికి రావడానికి మిగలాలి. కనుక్కోవడం సులువు: కడ్డీకి ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టి షాక్ బాడీకి ఆనించండి, రోజూ వెళ్లే రోడ్డు మీద నడిపి వచ్చి చూడండి. టై బంప్ స్టాప్ (కదలిక చివర ఉండే రబ్బరు అడ్డు) దాకా జరిగిపోయి ఉంటే కారు కొంచెం ఎత్తాల్సిందే. ఎత్తడం ఇష్టం లేకపోతే పొట్టి షాక్ కొనాలి.

టక్‌మని ఒకే శబ్దం, అదీ స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడే వస్తుంటే, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు తన సీటు వదిలేస్తోంది. జాకీ మీద ఉండగా స్ప్రింగుని చేత్తో పట్టుకుని ఊపితే ఆడుతుంది. కాస్త పొడవైనది వేయాలి.

ఎత్తు కుదిరాక స్టీరింగ్ లాగుతోంది, లేదా వెనక వణుకు

ఎత్తు మారితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వంపు), టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారతాయి. ఈ బండ్లలో పై ఆర్మ్ షాఫ్ట్ వెనక షిమ్ములతో (సన్నటి రేకు ముక్కలతో) సరిచేస్తారు. అలైన్‌మెంట్ ఎత్తు తేలాకే చేయించండి, ముందు చేయిస్తే డబ్బు దండగ. వేగంలో వణికితే పినియన్ కోణం (వెనక ఇరుసు గేరుకీ దాన్ని తిప్పే షాఫ్టుకీ మధ్య వంపు) చూడాలి, దానికి వెనక పై ఆర్ములు సర్దుబాటు చేసుకునేవి ఉంటే మేలు.

కిట్ వెనక షాక్ ఉన్న పాత చోటే బిగించే రకమైతే, పై మౌంట్ దగ్గర ఫ్రేము రేకుని టార్చ్ వేసి చూడండి. ఫ్యాక్టరీ వాళ్లు అక్కడ పెట్టిన చిన్న బోల్టులు షాక్‌ని పట్టుకోవడానికే, ఇప్పుడు వెనక బరువంతా వాటి మీదే ఉంది. సన్నటి పగులు కనిపిస్తే ఎత్తు సంగతి పక్కనపెట్టి బలపరిచే బ్రాకెట్ వేయించండి, అప్పటిదాకా బండి తీయకండి.