ఇంద్రియాల పాఠాలు – 4: వేలి నొక్కుడు కబురుగా ఎలా మారుతుంది?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. నాడీకణం లోపలి వైపు, బయటితో పోలిస్తే, మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. సోడియం బయట ఎక్కువ, లోపల తక్కువ. కణం పొరలో సోడియానికి దారి తెరిస్తే ఏమవుతుంది? సోడియం లోపలికి తోసుకొస్తుంది, దానిది ప్లస్ చార్జి కాబట్టి ఆ మైనస్ 70 సున్నా వైపు జరుగుతుంది. ఈ జవాబు వచ్చినవాళ్లకు ఇవాళ్టి పాఠం సగం అయిపోయినట్టే. రానివాళ్లు ఒకసారి మూడో పాఠం తిరగేసి రండి, తొందరేం లేదు.

ఇప్పుడు బల్ల మీద వేలు ఆనించి, కొంచెం నొక్కి అలాగే ఉంచండి. నొక్కిన క్షణంలో తెలిసినంత గట్టిగా పది సెకన్ల తర్వాత తెలియదు. వేలు తీయగానే మళ్లీ చటుక్కున తెలుస్తుంది.

వేలి చర్మం లోతున పసీనియన్ కార్పసల్ అనే గ్రాహకాలు, అంటే నొక్కుడును పసిగట్టే భాగాలు, ఉంటాయి. ఒక్కోటి దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు. అడ్డంగా కోస్తే అచ్చం ఉల్లిపాయే: పొర మీద పొర, పొరల మధ్య ద్రవం, నట్టనడుమ ఒక నాడి కొస. నొక్కగానే పొరలు ఒత్తుకుని ఆ కొసను సాగదీస్తాయి. కొస మీదున్న అయాన్ చానెళ్లు, అంటే సోడియం లాంటివి దాటే తలుపులు, ఆ లాగుడుకు తెరుచుకుంటాయి, సోడియం లోపలికొస్తుంది. తర్వాత కథ మీకు తెలిసిందే. నొక్కుడు అలాగే ఉన్నా పొరల మధ్య ద్రవం సర్దుకుంటుంది, కొస మీద లాగుడు పోతుంది, చానెళ్లు మూసుకుంటాయి. 1960ల్లో వెర్నర్ లోవెన్‌స్టైన్ బృందం ఈ పొరలను ఒలిచి, మిగిలిన కొసను నొక్కి చూసింది. అప్పుడు వోల్టేజి మార్పు వెంటనే తగ్గిపోకుండా ఎక్కువసేపు నిలిచింది. అంటే ‘మార్పు ఉంటేనే చెప్పు’ అన్న గుణంలో పెద్ద వాటా ఆ పొరలదే. వేలు ఆనించి ఉంచినంతసేపూ ఎంతో కొంత ఒత్తిడి తెలుస్తూనే ఉంటుందంటారా? నిజమే, అది మెర్కెల్ కణాల లాంటి వేరే గ్రాహకాల పని.

నేను చదువుకునేటప్పుడు తప్పు చేసిన చోటు ఇక్కడే. చానెళ్లు తెరుచుకోగానే వచ్చిన వోల్టేజి మార్పే మెదడుకు పోయే సంకేతం అనుకున్నాను. కాదు. దాన్ని గ్రాహక పొటెన్షియల్ అంటారు. మెల్లగా నొక్కితే చిన్నది, గట్టిగా నొక్కితే పెద్దది. పుట్టిన చోటి నుంచి కొద్ది దూరంలోనే నీరసించి ఆరిపోతుంది. లెక్క కోసం, మెల్లగా నొక్కితే మైనస్ 62 దాకా వచ్చిందనుకుందాం. కబురు పుట్టాలంటే దాటాల్సిన గీతను అవధి అంటారు, అది సాధారణంగా మైనస్ 55 దగ్గరుంటుంది. అది దాటలేదు కాబట్టి ఏ కబురూ పోదు. గట్టిగా నొక్కితే అవధి దాటుతుంది, అప్పుడు నాడిలో స్పైక్ పుడుతుంది. ఇది సుమారు ఒక మిల్లీసెకను ఉండే మెరుపు. పుడితే పూర్తిగా పుడుతుంది, లేదంటే లేదు. దారిలో ఎక్కడా బలం తగ్గదు.

మరి స్పైకులన్నీ ఒకే సైజైతే, గట్టిగా నొక్కారో మెల్లగా నొక్కారో మెదడుకు ఎలా తెలుస్తుంది? 1926లో ఎడ్గార్ ఏడ్రియన్, ఇంగ్వె జొట్టర్‌మన్ కప్ప కండరంలోని ఒక్క గ్రాహకం నుంచి వచ్చే స్పైకులను రికార్డు చేశారు. కండరాన్ని ఎక్కువ లాగితే స్పైకు పెద్దది కాలేదు, స్పైకులు దగ్గర దగ్గరగా వచ్చాయి. బలం కాస్తా సెకనుకు ఎన్ని అన్న లెక్కగా మారిందన్నమాట. ఇలాంటి పనులకే ఏడ్రియన్‌కు 1932లో నోబెల్ వచ్చింది.

వేడికీ ఇదే పద్ధతి, తలుపు మాత్రం వేరు. టీఆర్‌పీవీ1 అనే చానెల్ సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. కారానికి ‘మంట’ అని పేరు పెట్టినవాళ్లకు చానెళ్ల సంగతి తెలియకపోయినా మాట సరిగ్గా కుదిరింది. ఈ చానెల్‌ను కనుక్కున్న డేవిడ్ జూలియస్‌కు, స్పర్శకు తెరుచుకునే పియెజో చానెళ్లను కనుక్కున్న ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు.

కంటి దగ్గర మాత్రం అంతా తిరగబడుతుంది. కంటి లోపలి తెర రెటీనాలో వెలుగును పసిగట్టే దండకణాలుంటాయి, వాటిలో చీకట్లో చానెళ్లు తెరిచి ఉంటాయి. వెలుగు పడితే మూసుకుంటాయి, వోల్టేజి ఇంకా మైనస్ వైపు పోతుంది. దండకణం తానుగా స్పైకులు పంపదు. రసాయనం విడుదల తగ్గించి పక్క కణానికి చెబుతుంది, స్పైకులు తర్వాతి వరుసల్లో పుడతాయి. ఇది మొదటిసారే ఎక్కకపోతే కంగారు పడకండి, ఆరో పాఠమంతా దీని మీదే.

ఇంటిపని: చీకటి గదిలో కళ్లు మూసుకుని, చెవి వైపున్న కంటి మూల దగ్గర రెప్ప మీద వేలితో చాలా మెల్లగా ఒక్క క్షణం ఒత్తండి. కంటి జబ్బులున్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవాళ్లు వద్దు. ముక్కు వైపు ఒక మసక వెలుగు కనిపిస్తుంది. రెండు ప్రశ్నలు: వెలుగే లేనప్పుడు వెలుగు ఎందుకు కనిపించింది? ఒత్తింది చెవి వైపైతే అది ముక్కు వైపు ఎందుకు కనిపించింది? రెండోదానికి బొమ్మ గీసుకుంటే సులువు.