ఇంట్లోనే కుట్టు – 7వ పాఠం: రెండు చేతిరుమాళ్లు, ఒక టేపు

పోయిన పాఠంలో రవికకు డాట్లు (ఒంటి ఒంపుకు తగ్గట్టు గుడ్డను మడిచి వేసే కుట్లు) వేశాం. డాటు కొస దగ్గర బుడిపె లేచినవాళ్లు దిగులు పడకండి, మొదట్లో నాకూ లేచింది. ఈసారి లోపలి బట్ట. మా అమ్మమ్మ దీన్ని ‘బాడీ’ అనేది, మనం బ్రా అంటున్నాం.

ముందు ఒక చిన్న పని. రెండు చేతిరుమాళ్లను మూలకు మడిచి, పక్కపక్కన పెట్టి, రిబ్బనుతో కలిపి టాకాలు వేయండి. 1910లో న్యూయార్క్‌లో మేరీ ఫెల్ప్స్ జాకబ్ అనే అమ్మాయి విందుకు తయారవుతూ చేసింది ఇంచుమించు ఇదే. కార్సెట్ (ఒంటిని బిగించి పట్టే లోపలి బట్ట)లోని బిరుసు పుల్లలు పల్చటి గౌను మీదికి పొడుచుకొస్తుంటే విసుగొచ్చి, పనిమనిషి సాయంతో అప్పటికప్పుడు కుట్టుకుంది. 1914 నవంబరులో పేటెంటు వచ్చింది. తర్వాత దాన్ని ఒక కార్సెట్ కంపెనీకి 1,500 డాలర్లకు అమ్మేసింది. పాపం, చవగ్గా ఇచ్చేసింది!

మీరు కుట్టింది వేసుకుని అద్దంలో చూడండి. ఛాతీ అణిగిపోయింది కదా? కప్పు లేదు, డాటు లేదు, మరింకేం అవుతుంది? 1920ల్లో అక్కడ ఆ చదునే ఫ్యాషన్. 1950లకు మోజు మారి, మొన తేలిన కప్పులు కావాలన్నారు. అప్పుడు కప్పు మీద గుండ్రంగా, వరస పక్కన వరసగా మిషన్ కుట్లు వేసి గుడ్డను బిరుసు చేశారు. డాటు వేసిన పాత గుడ్డ మీద ఆ కుట్టు వేసి చూడండి, మెత్తటి కాటన్ కూడా గరాటులా నిలబడుతుంది.

ఇక టేపు. రొమ్ముల కింద, ఊపిరి వదిలి, బిగుతుగా కొలవండి. 32 అంగుళాలు వచ్చిందనుకుందాం. తర్వాత నిండుగా ఉన్నచోట, టేపు నొక్కకుండా కొలవండి. అది 35. తేడా 3. ఒక అంగుళం తేడాకు కప్పు అక్షరం ఎ, రెండుకు బి, మూడుకు సి, నాలుగుకు డి. అంటే సైజు 32 సి. ఈ అక్షరాలను అమెరికాలో క్యాంప్ అనే కంపెనీ 1932లో మొదలుపెట్టింది. కింది కొలత బేసి సంఖ్య వస్తే అటూ ఇటూ ఉన్న సరి సంఖ్యలు రెండూ వేసి చూసుకోవాలి.

మనలో చాలామందికి ఆ అక్షరంతో పనే పడదు. కౌంటర్ వెనక మగవాళ్లుంటే “ముప్పై నాలుగు” అని గొణిగి, నల్ల కవరు పట్టుకుని వచ్చేస్తాం. నేనూ పదేళ్లు 34 బి అలాగే తెచ్చుకున్నాను. వెనక పట్టీ వీపు మీదికి పాకేది, నేనేమో భుజం పట్టీలు ఇంకా బిగించేదాన్ని. భుజాల మీద ఎర్రటి గాట్లు. అసలు బరువు మోయాల్సింది కింది పట్టీ. అది వదులైతే భారమంతా భుజాల మీదే పడుతుంది. కొలుచుకుంటే నాది 32 సి అని తేలింది. ఈ రెండు సైజుల కప్పులూ లోపల ఇంచుమించు ఒకటే, తేడా అంతా పట్టీలోనే.

పాత పద్ధతిలో కింది కొలతకు 4 అంగుళాలు కలుపుతారు. సాగే పట్టీకి అది వద్దు. సాగే స్పాండెక్స్ దారం వచ్చిందే 1958లో. కొత్త బ్రాకు చివరి హుక్కు పెట్టుకోండి, ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలికి మారొచ్చు.

వచ్చే పాఠానికి మీ రెండు కొలతలూ రాసి ఉంచుకోండి. పాత బ్రా ఒకటి కుట్లు విప్పి, కప్పు ముక్కలను ఇస్త్రీ చేసి పెట్టుకోండి. వాటి మీదే కాగితం కటింగ్ మొదలుపెడదాం.