చవితికి ముందు క్లాస్ డి సెట్టు బిగిస్తున్నారా? ఇవి చూసుకోండి

వినాయక చవితి దగ్గర పడుతుంటే హనుమకొండ, కాజీపేటల్లో మండపం సెట్టు సొంతంగా బిగించే కుర్రాళ్లు ఎక్కువవుతారు. ఇప్పుడు అందరి చూపూ క్లాస్ డి యాంప్లిఫయర్ బోర్డుల మీదే. వీటిలో స్విచ్చుల్లా పనిచేసే ఫెట్లు (మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు) పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్. పాటను బట్టి పల్సు వెడల్పు మారుతుంది, అంతే. తీసుకున్న కరెంటులో తొంభై శాతం దాకా స్పీకరుకే పోతుంది కాబట్టి హీట్‌సింక్ పెద్దగా కాలదు. కాలట్లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. దీంతో వచ్చే తంటా అంతా సప్లయ్ దగ్గరే.

63-0-63 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య వైరుకు అటూ ఇటూ 63 వోల్టుల ఏసీ ఇచ్చేది) పెట్టారనుకోండి. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి దాటాక ప్లస్ 89, మైనస్ 89 వోల్టులు. మెయిన్స్ 230 కాస్తా 250 అయిందా, ఒక్కో వైపు 97. ఆఫ్‌లో ఉన్న ఫెట్టు మీద రెండూ కలిపి పడతాయి, అంటే 194. 200 వోల్టుల ఫెట్టుకు ఇంకేం మిగిలింది? దానికి తోడు హాఫ్ బ్రిడ్జి బోర్డులకు (చానలుకు ఒకే జత ఫెట్లు ఉండేవి) బస్ పంపింగ్ అని ఇంకోటి ఉంది: బేస్ కొట్టినప్పుడు ఒక వైపు తీసుకున్న శక్తిలో కొంత రెండో వైపు కండెన్సర్లలోకి ఎదురెక్కి వోల్టేజీని పెంచుతుంది. డీజే బేస్ ఎంత లోతుగా ఉంటే అంత ఎక్కువ. 100 వోల్టుల కండెన్సర్లు పేలేది ఇక్కడే. అందుకే 55-0-55 చాలంటాను. వాల్యూమ్‌లో తేడా మీ చెవికి పెద్దగా తెలియదు. రెండు చానళ్లుంటే ఒకదాని ఇన్‌పుట్ ఫేజు తిప్పి, దాని స్పీకరు వైర్లు కూడా తిప్పి కలపండి. పంపింగ్ చాలావరకు సర్దుకుంటుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మెయిన్స్ వైరులో సిరీస్‌గా 100 వాట్ల బల్బు తప్పనిసరి. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఒకసారి వెలిగి మసకబారితే సరే. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్టు, లేదా డెడ్ టైమ్ (ఒక ఫెట్టు ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేలోపు ఇచ్చే విరామం) చాలక పైఫెట్టూ కిందిఫెట్టూ ఒకేసారి ఆన్ అవుతున్నట్టు. బల్బు తీసేసి చూద్దామని మాత్రం అనుకోవద్దు.

ఆఫ్ చేశాక కూడా 10,000 మైక్రోఫారడ్ కండెన్సర్లో ప్రాణం ఉంటుంది. ఒక్కో వైపు 4.7 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ అడ్డంగా పెడితే నాలుగు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అయినా మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేసే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోండి.

స్కోప్ (సిగ్నల్‌ను తెర మీద చూపే ఆసిలోస్కోప్) ఉన్నవాళ్లు: దాని గ్రౌండ్ క్లిప్పు ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఫుల్ బ్రిడ్జి బోర్డులో (చానలుకు రెండు జతల ఫెట్లు ఉండేది) స్పీకరు రెండు టెర్మినళ్లలో ఏదీ గ్రౌండ్ కాదు, అక్కడ క్లిప్పు తగిలించారంటే బోర్డు పోయినట్టే.

ఇంకొకటి, ఫెట్టు షార్టయితే మొత్తం డీసీ స్పీకరు లోపలి వాయిస్ కాయిల్‌లోకి పోతుంది. డీసీ వస్తే స్పీకరు లైను తెంచే డీసీ ప్రొటెక్షన్ రిలే పెట్టండి. పెట్టినా మామూలు రిలే కాంటాక్టు అంత డీసీని తెంచలేదు, నిప్పురవ్వ లాగి వెల్డయిపోతుంది. స్పీకరును కామన్‌కు, గ్రౌండ్‌ను ఎన్‌సీ కాంటాక్టుకు (రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు కామన్‌తో కలిసి ఉండేది) కలిపితే ఆ ఆర్క్ గ్రౌండ్‌కు మళ్లి సప్లయ్ ఫ్యూజు పోతుంది. బాక్సులు కిరాయికి తెచ్చినవైతే ఈ ఒక్క రిలే లేకుండా మండపంలో పెట్టొద్దు.